దూదేకే దుకాణం మూతపడింది



పోయిన షాబాన్ నెలలో, జుమా నమాజ్ అయ్యాక, పేట్ బషీరాబాద్‌లో మా మామ తన దుకాణం షట్టర్ చివరిసారి దించాడు. ఉర్దూ ఇళ్ళలో మామూ అంటారు, మా ఇళ్ళలో మామ అనే అంటాం. ఆ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని, ఈ వ్యాసం సగం దాని గురించే.

సుచిత్ర నుంచి కొంపల్లి వైపు వెళ్ళే మేడ్చల్ రోడ్డు మీకు తెలుసు. ఆ రోడ్డు నుంచి లోపలికి తిరిగిన ఒక గల్లీలో పది అడుగుల మల్గీ. బోర్డు మీద ‘పరుపులు, దిండ్లు, రజాయిలు చేయబడును, దూది ఏకబడును’ అని రాసి ఉండేది. పక్కనే చిన్న అరలో అత్త ఊలు ఉండలు, క్రోషా దారం, సూదులు, జరీ లేసు పెట్టి అమ్మేది. సాయంత్రం అసర్ తరవాత గల్లీలోని ఆడపిల్లలు అక్కడికే వచ్చి అత్త దగ్గర క్రోషా నేర్చుకునేవాళ్ళు. టోపీలు, జానమాజ్ అంచులు, టీవీ మీద కప్పే గుడ్డలు. ఫీజు లేదు, దారం అక్కడే కొనాలి, అంతే షర్తు. అత్త ఇంతెఖాల్ అయ్యాక ఆ అర ఖాళీ అయింది. ఇప్పుడు మొత్తం దుకాణమే ఖాళీ అయింది. మల్గీ మొబైల్ రిపేరు వాళ్ళకు ఇచ్చారు.

మామ ఏడవలేదు. నాకే ఎందుకో గొంతు పట్టుకుంది. కారణం దుకాణం మీద ప్రేమ ఒక్కటే కాదు. ఆ దుకాణం ఉన్నన్నాళ్ళూ నేను దాని గురించి నలుగురిలో మాట్లాడలేదు. నిఖా మాటల్లో అవతలివాళ్ళు ‘మీ మామగారు ఏం చేస్తారు’ అని అడిగితే ‘బెడ్డింగ్ కారోబార్’ అన్నాను. దూదేకుతాడు అనలేదు. ఆ రోజు షట్టర్ దించుతున్నప్పుడు మామ పక్కన నిలబడితే, ఆ మాట నాకు తిరిగి వినపడింది. అందుకే ఈ కస్బ్ తారీఖ్ రాద్దామని కూర్చున్నాను.

ముందు ఖుర్ఆన్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే మామ ఎప్పుడూ అక్కడినుంచే మొదలుపెట్టేవాడు. సూరా అల్ ఖారిఅ. నూట ఒకటవ సూరా, పదకొండు ఆయతులు. మన పిల్లలందరికీ నోటికి వచ్చేదే. ఖయామత్ రోజున పర్వతాలు ఏకిన ఉన్నిలా అయిపోతాయని అందులో ఉంది. అరబీలో ‘మన్‌ఫూష్’ అనే మాట. సూరా మఆరిజ్‌లోనూ పర్వతాలకు ఉన్నితో పోలిక ఉంది గాని, ఏకిన అనే ఆ ఒక్క మాట ఖారిఅలోనే ఉంది. ‘నా పని అల్లా కలాంలో ఉందిరా, మీ ఆఫీసు పని ఉందా’ అని మామ నవ్వేవాడు. అతనికి చదువు ఐదో తరగతి. కాని ఆ ఆయతు అతనికి అర్థమైనట్టు నాకు తెలిసిన ఏ మౌల్వీ సాహెబ్‌కూ అర్థమై ఉండదని నా గుమాన్. ఎందుకంటే గట్టిగా అణిగిపోయి రాయిలా ఉన్న పాత పరుపు దూది, తాంతు దెబ్బకు పొగలా పైకి లేవడం అతను రోజూ చూసినవాడు. రాయిలా ఉన్నది గాలిలో తేలిపోవడం అంటే ఏమిటో అతనికి విడమరచి చెప్పాల్సిన పని లేదు.

ఏకడం ఎలాగో ఈ కాలం పిల్లలకు తెలియదు కాబట్టి కొంచెం చెప్తాను. మనిషి పొడవున్న కర్ర విల్లు. దాని ఒక చివర వెడల్పాటి చెక్క పలక. రెండు చివర్ల మధ్య బిగించిన తాంతు, అంటే గొర్రె పేగును శుభ్రం చేసి, ఎండబెట్టి, మెలిపెట్టి చేసిన నారి. విల్లును పైకప్పు నుంచి తాడుతో వేలాడదీస్తారు, బరువు చేతి మీద పడకుండా. ఎడమ చేత్తో విల్లు పట్టుకుని, కుడిచేత్తో చెక్క దస్తాతో తాంతును కొట్టాలి. దస్తా రెండు వైపులా లావుగా, మధ్యలో పట్టుకోవడానికి సన్నగా ఉంటుంది. దెబ్బ దూది మీద పడదు, తాంతు మీద పడుతుంది. తాంతు వణుకుతుంది. ఆ వణుకు దూదిని తాకితే పోగు పోగు విడిపోతుంది, దుమ్మూ గింజ తునకా కింద రాలుతాయి. అంతా ఆ వణుకులోనే ఉంది. గట్టిగా కొడితే పోగు తెగుతుంది, మెల్లగా కొడితే ముద్ద విడదు. మామ అనేవాడు, తాంతు మోత వింటే చాలు, కొట్టేది ఉస్తాదా షాగిర్దా తెలిసిపోతుందని.

ఏకిన దూదిని పుల్ల మీద చుట్టి వేలెడు పొడవు చుట్టలు చేస్తే అవి ఏకులు. ఏకు రాట్నం దగ్గరికి వెళితే నూలవుతుంది, నూలు మగ్గం దగ్గరికి వెళితే బట్టవుతుంది. ‘ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు’ అని తెలుగులో అందరూ అంటారు. మేకు అంటే ఏమిటో అందరికీ తెలుసు, ఏకు అంటే ఏమిటో అడిగితే నూటికి తొంభై మంది తలగోక్కుంటారు. సామెత మిగిలింది, సామాను పోయింది.

ఇక మన పేర్ల సంగతి. ఒకే పని చేసిన జనానికి ఎన్ని పేర్లో చూడండి. తెలుగులో దూదేకుల, దూది ఏకేవాళ్ళు కాబట్టి. పింజారీ అనేది పింజడం నుంచి వచ్చింది, దూదిని విడదీయడమే పింజడం. కన్నడ సీమలో నదాఫ్ అంటారు. అది తిన్నగా అరబీ మాట, నద్దాఫ్ అంటే దూదేకేవాడు. మన సర్కారు జాబితాలో అదే లద్దాఫ్ అయి కూర్చుంది. నూర్‌బాష్ అనే పేరుకు కొందరు ‘నూర్’ అని పట్టుకుని వెలుగు అర్థం చెప్తారు. ఫారసీలో నూర్‌బాఫ్ అంటే నేతగాడు, అది నలిగి నూర్‌బాష్ అయిందన్న మాట నాకు ఎక్కువ నమ్మదగ్గదిగా తోస్తుంది. వెలుగు అర్థం మీద నాకు కోపం లేదు. కాని దూదీ నేతా అనగానే సిగ్గుపడి వెలుగు వైపు పరిగెత్తే అలవాటు మాత్రం నాకు బాగా తెలుసు, నేనూ ఆ పరుగు పరిగెత్తినవాణ్ణే.

ఉత్తర హిందుస్తాన్‌లో ధునియా, బెహ్నా అంటారు, వాళ్ళే తమను మన్సూరీలమని చెప్పుకుంటారు. ఆ పేరు మన్సూర్ హల్లాజ్‌ది. అసలు పేరు హుసేన్ బిన్ మన్సూర్. మన్సూర్ తండ్రి పేరు, జనం నోట కొడుకు పేరే అదైపోయింది. 858 ప్రాంతంలో ఫార్స్‌లో పుట్టాడు, 922లో బాగ్దాద్‌లో సూలీ ఎక్కించి చంపారు. ‘అనల్ హఖ్’ అన్నందుకు అని అందరూ చెప్పేది. ఆ మాట మీద ఉలమాలలో వెయ్యేళ్ళుగా ఇఖ్తిలాఫ్ ఉంది, నేను అందులో దూరను. నాకు కావలసింది ‘హల్లాజ్’ అనే ఆ రెండో మాట. హల్లాజ్ అంటే అరబీలో దూదేకేవాడు. తండ్రి ఆ పని చేసేవాడని అంటారు. ఒక దూదేకులవాడి దుకాణానికి వెళ్ళి, అతణ్ణి ఏదో పని మీద పంపి, అతను తిరిగొచ్చేలోగా గుట్టంత దూదీ ఏకించి పెట్టాడని ఒక కథ. మనుషుల మనసుల్లోని గుట్టు విప్పేవాడు కాబట్టి ఆ పేరొచ్చిందని ఇంకో కథ. కథల్ని కథలుగానే తీసుకుందాం. ఫరీదుద్దీన్ అత్తార్ లాంటి మహా షాయిర్ తన ఔలియాల తజ్కిరాలో చోటిచ్చిన మనిషి పేరు పక్కన ఉన్న మాట, మన ఊళ్ళో తిట్టుగా వాడే మాట, రెండూ ఒకే అర్థానివి. ఇది నాకు ముప్ఫై అయిదేళ్ళు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు.

ఈ విల్లు మన దేశానికి ఎలా వచ్చింది? చరిత్రకారుడు ఇర్ఫాన్ హబీబ్ 1969లో ఒక ప్రసంగంలో పదమూడు, పధ్నాలుగు శతాబ్దాలలో తుర్కుల రాకతోపాటు హిందుస్తాన్‌కు వచ్చిన పనిముట్ల గురించి మాట్లాడాడు. రాట్నం, దూదేకే విల్లు, కాగితం, ఇంకా కొన్ని. రాట్నానికి అతను చూపించిన సాక్ష్యం ఎక్కడిదో తెలిస్తే మీరు ముచ్చటపడతారు, అది మన దక్కన్‌దే. బహ్మనీ సల్తనత్ మొదలైన మూడేళ్ళకు, 1350లో, ఇసామీ అనే షాయిర్ ‘ఫుతూహుస్సలాతీన్’ అని ఫారసీలో మస్నవీ రాశాడు. అందులో రజియా సుల్తానా ప్రస్తావన వచ్చినప్పుడు ఆడదానికి తఖ్తు ఎందుకు, చర్ఖా దగ్గర కూర్చోక అనే ధోరణిలో రాశాడు. రజియా చనిపోయి అప్పటికి నూట పదేళ్ళు. ఆమెను తక్కువ చేద్దామని ఇసామీ సాహెబ్ వాడిన మాటే, ఆరు వందల ఏళ్ళ తరవాత, ఈ దేశంలో చర్ఖా ఎప్పటిదో తేల్చడానికి దలీల్ అయింది. రాట్నం ఇంకా ముందే ఇక్కడుందని, విల్లూ పాతదేనని వాదించేవాళ్ళు ఉన్నారు. బహస్ తెగలేదు. నాకు మాత్రం ఇందులో పట్టుకోవలసింది ఇంకొకటి కనిపిస్తుంది. రాట్నం వేగం పెరిగితే దానికి ఏకులు కావాలి, ఏకులు కావాలంటే ఏకేవాళ్ళు కావాలి. నల్లరేగడిలో పత్తి పండే ఆదోని, కర్నూలు, గుంటూరు సీమల్లో మన బిరాదరీ ఇంత దట్టంగా ఎందుకుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. పత్తి ఉన్నచోటే మనం ఉన్నాం.

ఊరూరూ తిరిగే పని ఇది. మా తాత విల్లు భుజాన వేసుకుని, దస్తా నడుముకు కట్టుకుని పంటలు ఇంటికొచ్చిన తరవాత బయలుదేరేవాడట. తాంతును వేలితో ఒక్కసారి మీటితే చాలు, వీధిలో ఇల్లాళ్ళకు తెలిసేది దూదేకుల సాయిబు వచ్చాడని. ఎవరింట్లో పెళ్ళి ఉంటే వాళ్ళింట్లో వారం మజిలీ. పిల్లకు ఇచ్చే పరుపు, దిండ్లు, బొంతలు అక్కడే కుట్టాలి. కూలి జొన్నలు, కందులు, ఒక పాత పంచె. ఇలా రెడ్ల ఇంట్లో, కోమట్ల ఇంట్లో, కాపుల ఇంట్లో వసారాలో కూర్చుని పని చేసేవాడికి ఏ భాష వస్తుంది? తెలుగు వస్తుంది. మా తాత తరం పేర్లు హుసేనప్ప, మస్తానప్ప, ఫకీరమ్మ, బీబమ్మ. సగం అరబ్బు, సగం ఆదోని. పీర్ల పండగకు ముందు నడిచేదీ మనవాళ్ళే, ఉగాది పచ్చడి ఇరుగింటి నుంచి అందుకునేదీ మనవాళ్ళే. కందిమల్లాయపల్లె బ్రహ్మంగారి ప్రియశిష్యుడు సిద్దయ్య దూదేకుల సిద్దయ్యే అని కడప జిల్లాలో పసిపిల్లను అడిగినా చెప్తుంది.

దీనికి మనం కట్టిన కీమత్ కూడా ఉంది. ఎడ్గర్ థర్‌స్టన్ అనే ఇంగ్లీషు అఫ్సర్, రంగాచారి గారితో కలిసి 1909లో దక్షిణ భారత కులాల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. అందులో దూదేకుల వాళ్ళకు ఒక పద్దు ఉంది. దూది శుభ్రం చేసే ముసల్మానులు, మాట్లాడేది తెలుగు, రస్మ్ రివాజుల్లో హిందువుల తీరు కలిసి ఉంటుంది అనే ధోరణిలో సాగుతుంది. దొరగారు జాదూఘర్‌లో సీతాకోకచిలుకకు చీటీ తగిలించినట్టు రాశాడు, అతని మీద గిలా లేదు. మనవాళ్ళు అన్న మాటలే ఎక్కువ గుచ్చుకున్నాయి. హైదరాబాద్ వచ్చిన కొత్తలో ఒక మస్జిద్ వరండాలో ఒక పెద్దమనిషి నా ఉర్దూ విని ‘ఆప్ లోగ్ ముసల్మాన్ హై క్యా’ అని అడిగాడు. అంతకుముందు ఊళ్ళో బడిలో ‘మీరు సాయిబులా, కాదా, ఏదో ఒకటి చెప్పండి’ అని పంతులు నవ్వాడు. ఇద్దరికీ నేను జవాబివ్వలేదు. ఇంటికి వచ్చి ఉర్దూ ఖాయిదా కొనుక్కుని అలిఫ్ బే నుంచి మొదలుపెట్టాను. ఇప్పుడు నేను రాసే తెలుగులో ఇన్ని ఉర్దూ మాటలు దొర్లడానికి మూలం ఆ వరండానే. చదివేవాళ్ళు ‘మీ జబాన్ మీఠీగా ఉంటుంది భాయ్’ అంటారు. ఆ మిఠాస్ వెనక ఎంత చేదు ఉందో ఇవాళ మొదటిసారి చెప్తున్నాను.

ఇప్పుడు ఈ పని ఎలా పోయిందో చూద్దాం. ఒక్క దెబ్బకు పోలేదు, రెండు విడతల్లో పోయింది.

మొదటి విడత మిల్లులది. ఇంగ్లండులో 1748లోనే ఇద్దరు మనుషులు, లూయిస్ పాల్, డేనియల్ బోర్న్, ఎవరికి వారు ఏకే యంత్రానికి పేటెంట్ తీసుకున్నారు. ముళ్ళు పొదిగిన రోలర్లు తిరుగుతూ పోగులు విడదీస్తాయి. మన నిజాం రాజ్యంలో గుల్బర్గాలో మహబూబ్ షాహీ మిల్లు, నాందేడ్‌లో ఉస్మాన్ షాహీ మిల్లు, హైదరాబాద్‌లో 1920లో దివాన్ బహదూర్ రాంగోపాల్ మిల్లు వచ్చాయి. 1934లో వరంగల్లులో ఆజంజాహీ మిల్లు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పెద్ద కొడుకు ఆజంజా పేరు మీద కట్టింది. పత్తి లోపలికి వెళ్ళి బట్టై బయటికి వచ్చే చోట విల్లుతో పనేముంది? నూలు కోసం ఏకడం మనవాళ్ళ చేతుల్లోంచి పోయింది. అదే మిల్లు 2002లో మూతపడింది, తరవాత గోడలు కూడా కూల్చేశారు. వరంగల్లు వాళ్ళు ఇప్పటికీ ఆ సైరన్ గురించి చెప్తారు. మిల్లు మూతపడితే వార్త, బహిరంగ సభ, జిందాబాద్. విల్లు ఆగిపోయినప్పుడు అలాంటిదేమీ లేదు, ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్కటి అటక ఎక్కింది.

మధ్యలో ఒక చిన్న ముచ్చట. గాంధీజీ ఖద్దరు మొదలుపెట్టినప్పుడు చర్ఖా దొరికింది గాని ఏకులు దొరకలేదు. తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు, ఒక పింజారీ నెలకు ముప్ఫై అయిదు రూపాయలు అడిగాడని, ఆ రోజుల్లో ఏ ధరైనా తనకు ఎక్కువ అనిపించలేదని. ఆ దినాల్లో ముప్ఫై అయిదు రూపాయలంటే మామూలు మాట కాదు. చర్ఖా జెండా మీదికెక్కింది, పటాల్లోకెక్కింది. ఆ చర్ఖాకు మేత వేసిన విల్లు ఏ జెండా మీదా లేదు. శ్రీకాకుళం పొందూరులో సన్న ఖాదీ కోసం వాలుగ చేప దవడ పళ్ళతో పత్తి దువ్వుతారని మీరు విని ఉంటారు. అది చూడటానికి దూరదూరాల నుంచి వస్తారు, మంచిదే.

నూలు పని పోయాక మనవాళ్ళకు మిగిలింది పరుపులు, దిండ్లు, రజాయిలు. రెండో విడతలో అదీ పోయింది. మా మామ 1980లలో కర్నూలు జిల్లా నుంచి జీడిమెట్ల ఫ్యాక్టరీలో హమాలీ పనికని వచ్చి, రెండేళ్ళకే ఆ గల్లీలో విల్లు వేలాడదీశాడు. అప్పుడు చుట్టూ ద్రాక్ష తోటలు, పొలాలు, కొత్తగా లేచే కాలనీలు. కాలనీలో ప్రతి కొత్త ఇంటికీ పరుపులు కావాలి. తరవాత ఏకే మిషన్ కొన్నాడు, మోటారు మీద నడిచేది. విల్లు గోడకెక్కింది. మిషన్‌తో పని పదింతలైంది, దుమ్ము ఇరవై ఇంతలైంది. పత్తి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే జబ్బుకు బిస్సినోసిస్ అని పేరుందని ఆస్పత్రికి వెళ్ళాకే తెలిసింది. మిల్లు పనివాళ్ళకు ఆదివారం సెలవు తరవాత సోమవారం ఛాతీ బిగుసుకుపోతుందట. మామకు జుమా సెలవు, శనివారం బిగుసుకుపోయేది. శనివారం శని పట్టిందని అత్త అనేది. ఆ దుమ్ము గురించి చెప్పకుండా ఈ హునర్‌ను పొగడటం అబద్ధం అవుతుంది. మామ తన కొడుకులిద్దరికీ విల్లు ముట్టనివ్వలేదు. ఒకడు గుండ్లపోచంపల్లి వైపు కంపెనీలో స్టోర్ కీపర్, ఇంకొకడు కారు నడుపుతాడు. సరైన పనే చేశాడు.

ఆ తరవాత ఫోమ్ వచ్చింది, రబ్బరైజ్డ్ కొబ్బరి పీచు పరుపులు వచ్చాయి, దిండ్లలోకి పాలిస్టర్ పోగు వచ్చింది. వాటిని ఏకనక్కర్లేదు, రెండేళ్ళకోసారి విప్పి ఎండబెట్టనక్కర్లేదు. పాడైతే పారేయడమే. చివరి అయిదేళ్ళు మామ దగ్గరికి వచ్చినవాళ్ళు ముసలివాళ్ళు, నడుంనొప్పి వాళ్ళు, కాన్పుకు వచ్చిన కూతురికి మెత్తటి బొంత కావాలనుకునే తల్లులు. అంతే.

ఇదంతా రాస్తుంటే నాకు సురయ్యా హసన్ బోస్ గారు గుర్తుకొస్తున్నారు. ఆమెను నేను చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. ట్రూప్ బజార్‌లో ఆబిద్ మంజిల్ అని ఒక ఇల్లుండేది, ఫక్రుల్ హాజియా బేగం గారిది. గాంధీజీ పిలుపు విని విదేశీ బట్టలు కుప్పపోసి తగలబెట్టిన ఇల్లు అది. ఆమె కొడుకు ఆబిద్ హసన్ సఫ్రానీ. 1943లో నేతాజీతోపాటు జర్మనీ నుంచి జలాంతర్గామిలో ప్రయాణించినవాడు, ‘జై హింద్’ అనే నినాదం అల్లినవాడు, తరవాత మన దేశానికి సఫీర్‌గా పనిచేసినవాడు. ఆ ఇంటి ఆడపిల్ల సురయ్యా. 1928లో పుట్టారు. ఢిల్లీలో పుపుల్ జయకర్ గారి దగ్గర చేనేత పని నేర్చి, నేతాజీ అన్న కొడుకు అరబిందో బోస్‌ను పెళ్ళాడి, తిరిగి హైదరాబాద్ వచ్చి రాయదుర్గం దగ్గర, దర్గా హుస్సేన్ షా వలీ పక్కన మగ్గాలు పెట్టారు. హిమ్రూ, మష్రూ, పైఠనీ, జామావార్, చచ్చిపోతున్న నేతలన్నిటినీ అక్కడ మళ్ళీ లేపారు. మగ్గం ముందు కూర్చోబెట్టింది ఎవరిని? భర్త పోయిన ఆడవాళ్ళను. పక్కనే వాళ్ళ పిల్లలకు సఫ్రానీ పేరు మీద బడి. 2021 సెప్టెంబరు 3న ఆమె ఇంతెఖాల్ అయ్యారు. తొంభై మూడేళ్ళు.

మష్రూ గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. మన మగవాళ్ళకు అచ్చమైన పట్టు మనా కదా. దక్కన్ నేతగాళ్ళు దానికి ఒక ఉపాయం చేశారు. పడుగు పట్టు, పేక నూలు. పట్టంతా పైకి తేలి మెరుస్తుంది, ఒంటికి తగిలేది నూలు. అందుకే దాని పేరు మష్రూ, అంటే షరీఅత్ ఇజాజత్ ఇచ్చింది. ఒక ఫిఖ్ మసలాను మగ్గం మీద నేసిన బట్ట అది. హిమ్రూలోనూ పట్టూ నూలూ కలుపుతారు, కింఖాబ్ కొనలేనివాడికి కింఖాబ్ లాంటి పువ్వు.

సురయ్యా గారు చేసింది గొప్ప పని, ఇన్షా అల్లా ఆమెకు అజ్ర్ ఉంటుంది. కాని నా మనసులో ఒక షికాయత్ ఉంది, అది ఆమె మీద కాదు. హునర్‌ను బతికించాలని వచ్చేవాళ్ళందరూ బట్ట దగ్గరికి వస్తారు. హిమ్రూ చూపిస్తే కళ్ళు మెరుస్తాయి. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో జీఐ గుర్తింపు వచ్చింది, వరంగల్ దరీలకు 2018లో వచ్చింది, రెండూ హక్కే. తేలియా రుమాలు ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఓడలెక్కి వెళ్ళి వాళ్ళ తలల మీద కూర్చుంది. అయితే నూలుకు ముందు ఏకు ఉంది. ఏకేవాడి పని చివరికి కనపడదు, అతని పనితనమంతా ఎదుటివాడి బట్టలో కరిగిపోతుంది. దిండులో దూది ఎంత బాగా ఏకాడో చూడాలంటే దిండు చింపాలి. కనపడని పనికి మ్యూజియం అద్దం ఎవరు పెడతారు? 1970లో అనంతరామన్ కమిషన్ తరవాత ఆంధ్రప్రదేశ్ జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారీ, నూర్‌బాష్ అని మనల్ని బీసీ బి గుంపులో చేర్చారు. మిగతా ముస్లిం బిరాదరీలకు 2007లో బీసీ ఇ వచ్చింది. మా మామ కొడుకు చదువు ఆ కాగితం మీదే సాగింది. ఇవాళ ఆ పని పేరు బతికి ఉన్నది ఆ సర్టిఫికేట్‌లోనే. పని లేదు, పేరు ఉంది. నాలాంటివాళ్ళు ఎమ్మార్వో ఆఫీసులో ఆ పేరు చెప్తారు, పెళ్ళి కార్డు మీద షేక్ అని వేసుకుంటారు.

మా ఇంట్లో కార్డు మీద ఏమి వేశామో మీరు అడగరని నా ఆశ. అడిగితే షేక్ అనే.

సామాను ఖాళీ చేసిన రోజుకు వస్తాను. మిషన్‌ను పాత ఇనుము బండి అతను కిలోల లెక్కన పట్టుకుపోయాడు. మిగిలిన బూరుగు దూది ఒక మదరసా పిల్లల దిండ్లకు ఇచ్చాం. అత్త అరలో ఒక డబ్బా బయటపడింది, అందులో సగం అల్లిన తెల్ల టోపీ, సూది ఇంకా దానికే గుచ్చి ఉంది. మామ దాన్ని జేబులో పెట్టుకున్నాడు, ఎవరికీ చూపలేదు. విల్లు నాకిచ్చాడు. ‘నీకెందుకురా, ఇల్లంతా ఇరుకు’ అన్నాడు, మళ్ళీ తనే ఆటోలో అడ్డంగా పెట్టి పట్టుకుని కూర్చున్నాడు.

ఆటో స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు తాంతు తెగింది. ఎన్నేళ్ళు గోడ మీద ఎండిందో. పెద్ద మోత కూడా రాలేదు.

ఇప్పుడు విల్లు మా హాల్లో గోడకు ఆనించి ఉంది. దాన్ని అలా వదిలేయడం నాకు బాగోలేదు. బేగం బజార్‌లో అడిగాను, తాంతు అంటే ఏమిటని ఎదురడిగారు. నైలాన్ తాడు కట్టుకో అన్నాడు ఒకాయన. మామకు ఫోన్ చేస్తే నైలాన్ వణకదు, ఊగుతుంది అన్నాడు. పేగు తెస్తే మెలిపెట్టడం తనకు ఇంకా గుర్తుందట, మూడు రోజులు ఎండ కావాలట. మా గల్లీ చివర మటన్ దుకాణం అతన్ని అడిగాను, పేగులు రోజూ పారేస్తాం భాయ్, జుమా రోజు పొద్దున్నే రండి, శుభ్రంగా తీసి పెడతాను అన్నాడు. ఈ జుమాకు మామను మా ఇంటికి పిలిచాను.